వ్యాయామమునకు క్రొత్తగా వచ్చువారు



నేడు నేను మీకు విన్నవింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. పదుగురు కూడి ప్రొద్దుటిపూట కసరత్తు చేయుచోటికి, దాని అలవాటు బొత్తిగా లేని మనుష్యుడొకడు మొదటిసారి వచ్చినప్పుడు, అతనిని ఎట్లు చేర్చుకొనవలెనన్నదే ఆ విషయము. దీనికొక ఉపన్యాసము కావలెనా యని మీలో కొందఱకు తోచవచ్చును. నాకును ముప్పది యేండ్లపాటు అట్లే తోచినది. నేను పాఠశాలలో పిల్లలకు డ్రిల్లు నేర్పి జీతము తీసికొన్నవాడను. ఈల ఊదుట, వరుస దిద్దుట, తప్పు చేసినవానిని పేరుపెట్టి పిలిచి నలుగురి యెదుట సరిచేయుట, ఇంతియే నాకు తెలిసిన విద్య. పిల్లల విషయమున ఆ విద్య ఎంతవఱకు మంచిదో చెప్పజాలను గాని, పెద్దల విషయమున అది ఎంత చెఱుపు చేయునో ఒక వృద్ధుని మూలమున నేర్చుకొంటిని. ఆ సంగతియే మొదట చెప్పెదను.

మాది కరణ్‌కోట. తాండూరునకు చేరువనున్న గ్రామము. 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనిది. మా సీమను ఎఱుగనివారికి చెప్పవలెనన్న, నేల క్రింద సున్నపురాయి, నేల మీద కంది. ఆ రాయి మూలముననే సిమెంటు కార్పొరేషను ఆఫ్ ఇండియావారి కర్మాగారము మా ఊర వెలసినది. తాండూరు బండ దూరదేశముల ఇండ్లలో పఱచుకొని యున్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కలిగినది. ఇట్టిచోట పుట్టినవానికి యౌవనమున కసరత్తు చేయుటకు తీఱికయు లేదు, అవసరమును లేదు. బండ ఎత్తుటయే దండీలు, గుంటక తోలుటయే నడక. చిక్కు వచ్చునది అఱువదవ యేట. కొడుకులు చేతికి అందివచ్చిరనియో, నడుము పట్టివేసెననియో ఒకనాడు పని మానును. నలువది యేండ్లు రాయి మోసిన దేహము మఱునాటినుండి అరుగుమీద కూర్చుండును. అట్లు కూర్చున్న దేహము ఎంత వేగముగ సడలిపోవునో చూచినగాని నమ్మరాదు. రెండేండ్లు తిరుగకముందే మంచముమీదినుండి లేచుటకు గోడ కావలసి వచ్చును.

ఉద్యోగము ముగిసిన పిమ్మట, ఇట్టివారిని ఒకచోట చేర్చి ప్రొద్దుననే కొంత కసరత్తు చేయింపవలెనని నాకు బుద్ధి పుట్టినది. ఊరి వెలుపలి మైదానమున మొదలుపెట్టితిమి. ఇరువదిమందివఱకు చేరిరి. వారిలో ఎక్కువమంది పడుచువారు, ఉద్యోగస్థులు, ఎట్లయినను దేహము వంగువారు. ఒకనాడు బండల గనిలో పని మానిన తాత యొకడు తనంతట తానే వచ్చి వెనుక వరుసలో నిలిచెను. ఎవరును పిలువలేదు. రుమాలు నడుమునకు చుట్టుకొని చూచుచు చేయుచుండెను. వజ్రాసనము వేయుమని నేను ఈల ఊదితిని. ఆతడు మోకాళ్లమీద కూర్చుండబోయి ఒక ప్రక్కకు ఒఱిగిపోయెను. ముందు వరుసవారు తిరిగి చూచి నవ్విరి. నేనును ఊరకుండలేదు. "బండలు మోసిన తాతకు తన కాలే బరువాయె" నని ఒక హాస్యపుమాట అంటిని. అందఱును నవ్విరి. ఆతడును నవ్వెను. కడదాక ఉండి, రుమాలు దులుపుకొని, నాకు నమస్కరించి పోయెను. మరల రాలేదు.

రాకుండుటను నేను గమనింపనైన లేదు. అది నా రెండవ తప్పు. ఆఱు నెలలకు వానకాలమున ఆతడు ఇంటి వాకిట జాఱిపడి మణికట్టు విఱుగగొట్టుకొనెనని విని చూడబోతిని. కట్టు కట్టిన చేయి కడుపుమీద పెట్టుకొని కూర్చుండియుండెను. ఆ మాట ఈ మాట చెప్పి, "తాతా, ఎందుకు మానితివి, కసరత్తు చేసియుంటే కాళ్లలో బలము ఉండెడిది గదా" అని మందలింపు ధోరణిలో అంటిని. అందుకు ఆతడు చెప్పిన మాట ఆతని నుడిలోనే చెప్పెదను. "సారూ, నా మోకాలు వంగదన్నది నాకెర్క లేదా? గా మాట గంతమంది ముంగట నువ్వు జెప్తివి. మా వియ్యంకుడు గూడ ఆడనే ఉండె."

ఆ చివరి మాట నాకు తగిలినది. వియ్యంకుడు అక్కడ ఉండెనన్న సంగతి నాకు తెలియదు. తెలిసియున్నను పట్టించుకొనియుండను. నేను ఆడిన మాటకును ఆతడు జాఱిపడుటకును ముడిపెట్టుట న్యాయమా యని పలుమాఱు ఆలోచించితిని. తడిసిన బండమీద ఎవరైనను జాఱుదురు. కాని ఆతడు ఆ ఆఱునెలలు వచ్చియుండినయెడల నిలదొక్కుకొని యుండునేమో అను మాటను నేను త్రోసివేయజాలను. ఇది నా ఊహ మాత్రమే కాదు. వృద్ధుల కసరత్తును గుఱించి వేఱువేఱు దేశములలో జరిగిన నూఱుకు పైబడిన పరీక్షలను ఒకచోట చేర్చి తూచిన కోక్రేన్ సమీక్ష యొకటి 2019లో వెలువడినది. కసరత్తు చేయువారు, చేయనివారికంటె పడిపోవుట సుమారు నాల్గవవంతు తగ్గినదని అందు తేలినది. మాత్ర కాదు, సూది కాదు. నిలుకడకును కాళ్ల బలమునకును సంబంధించిన అభ్యాసములే అందుకు ఎక్కువగ తోడ్పడినవి. ఇంత మేలు చేయగల వస్తువును ఒక నవ్వుచేత ఆతనికి కాకుండ చేసితినన్నమాట.

పట్టణములలో వ్యాయామశాలకు పోవు క్రొత్తవానికి సిగ్గుండదని కాదు. కాని అక్కడ ఆతనిని ఎవరును ఎఱుగరు. పల్లెలో అట్లు గాదు. చూచువారిలో వియ్యంకుడుండును, అప్పిచ్చినవాడుండును, నిన్నటి పంచాయితీలో తన తీర్పు విన్నవాడుండును. అరువది యేండ్లు కూడబెట్టుకొన్న పెద్దఱికమును మైదానములో పెట్టి, మనుమల యీడువాని ఈలకు వంగవలెను. క్రొత్తగా వచ్చిన పెద్దమనిషికి భయము అలసటను గుఱించి గాదు, నొప్పిని గుఱించి గాదు, ఎఱిగినవారి నవ్వును గుఱించి. దీనిని ఒప్పుకొనని కసరత్తుగుంపు ఎంత మంచి గురువు నేర్పినను పడుచువారి గుంపుగనే మిగిలిపోవును.

మన దేశమున వ్యాయామ విద్యకు గొప్పవారు లేకపోలేదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తిగారు ఱొమ్ముపై ఏనుగును నిలిపి లోకమును విస్మయపఱచిరి. ఆయన సర్కసు చూచినవారి ముచ్చటలు మా పెద్దలు చెప్పుకొనెడివారు. అట్టి ప్రదర్శనము వలన ఎందఱో యువకులకు సాము మీద మోజు కలిగినమాట నిజమే. అయితే ఏనుగును మోసినవానిని చూచి వచ్చిన రైతు ఇంటికి వచ్చి తన మోకాలిని సంగతి ఆలోచింపడు. అది మహానుభావుల విద్య యనుకొని తృప్తిపడును. చూచుట వేఱు, చేయుట వేఱు. మా చిన్ననాటి తాలీములలోను అంతే. లోపల బరువైన కరేలలు త్రిప్పుచుందురు, గుమ్మము దగ్గఱ మేము నిలిచి చూచెడివారము. అయినను తాలీము పద్ధతిలో ఒక గుణమున్నది. క్రొత్తగా చేరిన పిల్లవానిని వెంటనే కుస్తీకి దింపరు. కొన్నాళ్లు గోదాలోని ఎఱ్ఱమట్టిని పాఱతో త్రవ్వి మెత్తచేయు పని అప్పగింతురు. వాడు ఊడిగము చేయుచున్నాననుకొనును. నిజమునకు వాని భుజములును నడుమును ఆ పాఱ దగ్గఱనే గట్టిపడుచుండును. పైగా ఆ పని నిత్యము అవసరమైనది గనుక వానికి అక్కడ నిలుచుటకు ఒక హక్కు ఏర్పడును. ఈ సంగతి తరువాత నాకు మిక్కిలి ఉపయోగపడినది.

మా జిల్లాలో అనంతగిరి కొండలున్నవి. మూసీనది పుట్టుచోటు. అక్కడి గాలి మంచిదని క్షయరోగుల ఆస్పత్రిని అచ్చట నెలకొల్పిరి. క్షయమాట వచ్చినది గనుక, వ్యాయామమునకు క్రొత్తవారిని ఎట్లు దింపవలెనో నాకు అందఱికంటె బాగుగ తెలిపిన ఒక వైద్యుని గుఱించి చెప్పెదను. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనుచోట 1905లో క్షయరోగుల ఆరోగ్యాలయమొకటి తెఱవబడినది. మార్కస్ పేటర్సన్ అను వైద్యుడు దానికి అధికారి. ఆ కాలమున క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. రోగులను మంచముమీదనే పండబెట్టియుంచుట నాటి ఆచారము. పేటర్సన్ అట్లు చేయక, జ్వరము లేని రోగులను మొదట కొద్దిదూరము మాత్రము నడిపించెను. ఆ దూరమును మెల్లమెల్లగ పెంచెను. అది తట్టుకొన్నవారికి చిన్నబుట్టతో మట్టి మోయుట, పిమ్మట పెద్దబుట్ట, పిమ్మట చిన్నపాఱ, ఆపైన పెద్దపాఱ, కడపట గడ్డపాఱ. జ్వరము కొంచెము తగిలినను పని ఆపి మంచము ఎక్కించును. శ్రమ క్షయను పోగొట్టునని ఇప్పుడు ఎవరును చెప్పరు, పోగొట్టునవి మందులే. నేను దీనిని చెప్పుట వేఱొక కారణమున. క్రింది మెట్టున ఉన్నవానికి అక్కడ సిగ్గు లేదు. చిన్నబుట్ట మోయువాడు చేతకాక మోయుచున్నాడని ఎవరును అనుకొనరు, ఆతని వంతు అది. రేపటి బుట్ట ఏదో ఆతనికి తెలియును.

నా మైదానములో మెట్లే లేవు. ఒకటే ఆసనము, ఒకటే ఈల. చేయగలవాడు చేయును, చేయలేనివాడు ఒఱిగిపోవును.

మఱి బతుకమ్మను చూడుడు. మన తెలంగాణమున ప్రతి యేట ప్రతి ఊరను జరుగు సామూహిక వ్యాయామము అది. వంగుట, లేచుట, చప్పట్లు, అడుగులు, గంటలకొలది సాగును. అందులో ఏడేండ్ల పిల్లయు, డెబ్బదియేండ్ల అవ్వయు ఉందురు. ఎవరైనను ఒఱిగిపోయిరనియో, తప్పు చేసిరనియో విన్నామా? కారణము వలయము. వలయమునకు వెనుకవరుస లేదు. అందఱి చూపును నడుమనున్న పూలమీద ఉండును గాని ప్రక్కవారి కాళ్లమీద ఉండదు. పాట ఒకరు ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. క్రొత్తకోడలు తెలిసిన ఇద్దఱి నడుమ దూరి, రెండు చుట్లు తిరుగునప్పటికి అడుగు పట్టుకొనును. అలసిన అవ్వ ప్రక్కకు తొలగి కూర్చుండి, ఊపిరి తీసికొని మరల కలియును. ఆమె తొలగినందుకు వలయము తెగదు. కోలాటమున ఇంత దయ లేదు, అడుగు తప్పినవానికి కోల వ్రేళ్లమీద తగులును. అందుకనియే అనుభవముగల పంతులు క్రొత్తవానిని ఇద్దఱు నేర్పరుల మధ్య నిలుపును. ఈ విద్య అంతయు మన ఇండ్లలోనే ఉండగా, నేను ఈలను నమ్ముకొంటిని.

తాతను చూచి వచ్చిన పిమ్మట మేము కొన్ని మార్పులు చేసితిమి. మొదట వరుసలు మాని వలయముగ నిలుచుట నేర్చితిమి. ఈల ఇంటిలో పెట్టి వచ్చితిని. కూర్చుండుటకు నాలుగు బండలు, రెండు కుర్చీలు తెచ్చి వలయములోనే వేసితిమి. వెలుపల వేసినచో వానిమీద కూర్చుండుట శిక్షవలె ఉండును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. ప్రతి అభ్యాసమును నేను సులభమైన రీతిలోనే మొదట చేసి చూపుదును. కుర్చీమీద కూర్చుండి లేచుట మొదట నేనే చేయుదును, ముప్పదియేండ్ల యువకుడును నాతోపాటు అదియే చేయవలెను. కఠినమైన రీతి ఆ తరువాత, కావలసినవారికి. మునుపు కఠినమైనది చూపి, "చేతగానివారు ఇట్లు చేయవచ్చును" అనెడివాడను. ఆ "చేతగానివారు" అన్నమాట ఎందఱిని ఇంటికి పంపినదో!

అభ్యాసములకు పేర్లును మార్చితిమి. ఎఱుగని సంస్కృత నామము వినగానే క్రొత్తవాడు అది పండితుల విద్య యనుకొనును. చేటతో చెఱగుట, బావిలో చేదుట, తిరుగలి విసరుట, మంచె ఎక్కుట, ఇట్లు పిలిచినచో ఎంతవఱకు వంగవలెనో చేతులకే తెలియును. వృద్ధులకు కావలసినవి ముఖ్యముగ ఇవియే: కూర్చున్నచోటినుండి చేతి ఊత లేక లేచుట, ఒక మెట్టు ఎక్కి దిగుట, మడమలెత్తి నిలుచుట, గోడ దగ్గఱ ఒంటికాలిపై పది అంకెలు లెక్కపెట్టువఱకు నిలుచుట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములు ఒకమోస్తరు శ్రమ చేయవలెననియు, వారమునకు మూడు దినములైనను నిలుకడను బలమును పెంచు అభ్యాసములు చేయవలెననియు ఉన్నది. ఈ అంకెను క్రొత్తవానికి మొదటిదినమున చెప్పకూడదు, బెదరును. ఏమియు చేయకుండుటకంటె కొంచెము చేసినను మేలే యని అదే సూచనలలో ఉన్నది. దానిని చెప్పవలెను.

మొదటిదినము పదినిమిషములే. "నాకింకను ఓపిక యున్నది" అని ఆతడు పట్టుపట్టినను చేయింపరాదు. ఏల యనగా, అలవాటులేని కండరములు శ్రమపడిన మఱునాడు, ఆ మఱునాడు మిక్కిలి నొచ్చును. ఆ నొప్పి సామాన్యముగ మూడునాలుగు దినములలో దానంతట అదియే పోవును. ఈ సంగతి ముందుగ చెప్పియుండినయెడల, నొప్పి వచ్చినప్పుడు "సారు చెప్పినట్లే వచ్చినది" యనుకొనును. చెప్పకున్న, తన దేహమున ఏదో విఱిగెననుకొని మంచమెక్కును. క్రొత్తవారు రెండవసారి రాకపోవుటకు సిగ్గు తరువాత పెద్దకారణము ఇదియే యని నా అనుభవము.

రోగముల సంగతి వలయములో అడుగరాదు. నేను మైదానమునకు వచ్చు దారిలోనే క్రొత్తవానిని కలిసికొని, నడచుచు అడుగుదును. రక్తపుపోటు ఉన్నదా, చక్కెరవ్యాధి ఉన్నదా, గుండెకు మందు తినుచున్నారా, ఎక్కడైన శస్త్రము జరిగినదా అని. చక్కెరకు సూదిగాని మాత్రగాని వాడువారు పరగడుపున శ్రమపడినచో తల తిరిగి పడవచ్చును, తమ వైద్యునితో మాటాడి రావలెను. పోటున్నవారు ఊపిరి బిగబట్టి బలము చూపరాదు. మా ఊర బండల దుమ్ములో బ్రతుకు గడపి ఆయాసము తెచ్చుకొన్నవారు పలువురున్నారు. వారు తమ ఊపిరికి తగినట్లు మధ్యమధ్య ఆగవలెను. శ్రమ ఎంత ఉండవలెనో తెలిసికొనుటకు యంత్రమేమియు అక్కఱలేదు. చేయుచు మాటాడగలిగి, పాట పాడలేకున్న, అది సరియైన శ్రమ. మాటయే రాకున్న ఎక్కువైనదన్నమాట. ఱొమ్మున పట్టినట్లున్నను, కన్నులు చీకట్లు గ్రమ్మినను అప్పుడే మాని వైద్యుని చూడవలెను. అందులో పంతమునకు తావు లేదు.

ఒక చిత్రమేమనగా, పొగడ్తయు నవ్వువలెనే పనిచేయును. ఒక పెద్దమనిషి మొదటిసారి చేతులెత్తగానే ఒక పడుచువాడు "శభాష్ కాకా" అని చప్పట్లు చఱచెను. అందఱును తిరిగి చూచిరి. ఆ కాక ముఖము ఎఱ్ఱబడుట నేను చూచితిని. పసిపిల్లవానిని పొగడినట్లు పెద్దవానిని పొగడుట అవమానమే. అప్పటినుండి చప్పట్లు మానిపించితిని. చేతిఫోనులో బొమ్మలు తీయుటను అంతకంటె గట్టిగ మానిపించితిని. ధోవతి బిగించుకొనుచున్న తాత రూపము మధ్యాహ్నమునకు ఊరంతయు తిరుగుట న్యాయము గాదు. బట్టల విషయమునను నియమము లేదు. ధోవతియైన నేమి, లుంగియైన నేమి, కాళ్లకు అడ్డము తగులకున్న చాలును.

ఆకాశవాణి ముందు కూర్చుండి ఈ సంగతులు చెప్పుచున్నప్పుడు జపానువారి మాట చెప్పకుండ ఉండజాలను. అక్కడ 1928 నవంబరు 1వ తేదీనుండి ఆకాశవాణిలో ప్రొద్దుననే సంగీతముతో కసరత్తు చెప్పుట మొదలుపెట్టిరి. యుద్ధానంతరము కొన్నాళ్లు ఆగి, 1951లో క్రొత్తరూపమున మరల మొదలై నేటికిని సాగుచున్నది. వేసవి సెలవులలో పిల్లలు తమ వీథి మైదానమునకు పోయి ఆ కసరత్తు చేసిన, మెడలోని అట్టముక్కమీద ముద్ర వేయుదురు. ఆ ముద్ర బాగుగ చేసినందుకు గాదు, వచ్చినందుకు. ఇంగ్లండులో 2004లో లండనులోని బుషీ పార్కులో పదముగ్గురు కూడి వారమునకొకమాఱు పఱుగెత్తుట మొదలుపెట్టిరి. పార్క్‌రన్ అను పేరుతో అది దేశదేశములకు వ్యాపించినది. అందు ఒక స్వచ్ఛంద సేవకుని పని యేమనగా, అందఱికంటె వెనుక నడచుట. ఎవ్వరును కడపటివారు కాకుండ ఆ స్థానమును ఆతడే పట్టుకొని యుండును. ఈ ఏర్పాటు కనిపెట్టినవానికి దండము పెట్టవలెననిపించినది. మా నడకలో ఆ వెనుకటిస్థానము నేను తీసికొంటిని. డ్రిల్లు మాష్టరుకు ముందు నడచుట మానుట ఎంత కష్టమో మీకు తెలియదు.

తాతను మరల ఎట్లు తెచ్చితిమో చెప్పి ముగించెదను. చేయి కట్టు విప్పిన తరువాత పిలువబోయిన, "చూస్తం తీ సారూ" అనెను. ఆ మాటకు అర్థము రాననియే. నాకు తాలీములోని పాఱ సంగతి జ్ఞప్తికి వచ్చినది. మా గుంపులోని పడుచువారు బరువు లెత్తుచు నడుములు పట్టుకొనుచుండిరి. మఱొకనాడు పోయి, "తాతా, బండ ఎట్లెత్తవలెనో మా పిల్లలకు తెలియదు, ఒక్కమాఱు వచ్చి చెప్పి పో" అంటిని. ఆతడు కొంతసేపు నన్ను చూచి, రుమాలు తీసికొని లేచెను. మైదానములో ఒక చిన్నబండ చూపి చెప్పెను. పాదములు ఎడము చేసి బండకు చేరువగ నిలుచుట, నడుమును వంపక తుంటినుండి వంగుట, బండను ఒంటికి ఆనించుకొని తొడల బలముతో లేచుట, లేచునప్పుడు ఊపిరి వదలుట, త్రిప్పవలెనన్న నడుమును గాక పాదములను త్రిప్పుట. ముప్పదియేండ్లు నేర్పిన నాకంటె ఆతడే బాగుగ చెప్పెనని ఒప్పుకొనవలెను. చేయి ఇంకను బలపడలేదు గనుక తాను ఎత్తలేదు, చేతికఱ్ఱతో చూపెను. చెప్పుచు చెప్పుచు తానే పదిమాఱులు వంగి లేచెను. దానిని ఎవరును కసరత్తు అనలేదు. మఱునాడును వచ్చెను. వజ్రాసనము నేటికిని వేయడు, ఆ సమయమున బండమీద కూర్చుండి మడమలెత్తుచుండును. ఎవరైన క్రొత్తవారు వచ్చిన, వారి ప్రక్కన నిలుచువాడు ఇప్పుడు ఆతడే. మొదట చెప్పు మాట, "నా మోకాలు గూడ వంగది" అని.

ఆడువారి సంగతి ఇంకను చక్కబడలేదు. వారికి వేఱు ఘడియయు, నాలుగుగోడల చాటును కావలెను, నావంటివాడు అక్కడ నిలువరాదు. ఒక పెద్దమ్మ తన వాకిట వలయము నడుపుటకు ఒప్పుకొన్నది. ఎనమండుగురు వచ్చుచున్నారు. తాత ఇల్లాలు మాత్రము తన చీర చెఱగు జాఱునని, మోకాళ్లు నొచ్చునని సాకులు చెప్పుచున్నదట. మంచముమీదినుండి లేచుటకు ఆమెకు ఇప్పటికే గోడ కావలసివచ్చుచున్నది. కంది తొక్కు రుబ్బుటలో ఆమెకు ఊర పేరున్నది. దానిని చూపుమని అడుగుటకు ఆ పెద్దమ్మ వచ్చు సోమవారము వారింటికి పోవుచున్నది.